రెండు త్రిభుజాలు సర్వసమానమా: ఏ బొమ్మకు ఏ నియమం పట్టుకోవాలి?

ఆకారంలోనూ కొలతల్లోనూ అచ్చం ఒకటే అయిన త్రిభుజాలను సర్వసమానం అంటారు. అది తేల్చే నియమాలేవో తొమ్మిదో తరగతి పిల్లల్ని నిద్రలో లేపి అడిగినా భు.భు.భు., భు.కో.భు., కో.భు.కో., లం.క.భు. అని గడగడా చెప్పేస్తారు (భు. అంటే భుజం, కో. అంటే కోణం, లం.క.భు. అంటే లంబకోణం, కర్ణం, భుజం). ఇంగ్లీష్ మీడియం వాళ్లయితే ఎస్ఎస్ఎస్, ఎస్ఏఎస్, ఏఎస్ఏ, ఆర్‌హెచ్‌ఎస్ అంటారు. టెన్షన్ మొదలయ్యేది బొమ్మ ముందుకొచ్చాకే. రెండు త్రిభుజాలు ఒకదాని మీద ఒకటి ఎక్కి ఉంటాయి, మధ్యలో ఇంకేవో గీతలు, కింద ‘నిరూపించండి’ అని ఉంటుంది. వాటిలో ఏ నియమం తీసుకోవాలి?

నా సలహా ఏమిటంటే, నియమం పేరు ముందే తలచుకోవద్దు. చేతికి దొరికిన సమాన భుజాలు ఎన్నో లెక్కపెట్టండి. తర్వాత కోణం ఎక్కడ ఉందో చూడండి. ఈ రెండూ తేలాక నియమం ఏదన్న సందేహం దాదాపు మిగలదు. పేరు ముందు అనేసుకుని దానికి సరిపడే భాగాల కోసం బొమ్మంతా గాలించే పిల్లలు లేని సమానత్వాన్ని కూడా ఉందనుకుని రాసేస్తుంటారు. మార్కులు ఎక్కువగా పోయేది అక్కడే.

లెక్కపెట్టే ముందు

దత్తాంశంలో, అంటే ప్రశ్నలో ఇచ్చినదానిలో, రాసినవే మన దగ్గర ఉన్నాయనుకోకండి. బొమ్మ చూపించే సమానత్వాలు కూడా ఉంటాయి. రెండు త్రిభుజాలకూ ఒక భుజం ఉమ్మడిగా ఉంటే ఒక భుజం దొరికినట్టే. రెండు రేఖలు ఖండించుకున్న చోట త్రిభుజాలు ఎదురెదురుగా ఉంటే శీర్షాభిముఖ కోణాలు దొరుకుతాయి. సమాంతర రేఖలు కనిపిస్తే వాటిని ఖండించే తిర్యక్ రేఖ కోసం చూడండి, ఏకాంతర కోణాలు సమానమవుతాయి. వృత్తం ఉంటే వ్యాసార్ధాలన్నీ సమానం. మధ్యబిందువు అన్న మాట కనిపిస్తే రెండు సమాన ముక్కలు ఉన్నట్టే.

త్రిభుజాలు ఒకదాని మీద ఒకటి ఎక్కి ఉంటే పక్కన రఫ్‌లో వాటిని విడదీసి వేరువేరుగా గీసుకోవాలి. దీనికి అర నిమిషం పడుతుంది, కానీ ఉమ్మడి కోణం ఎక్కడుందో, ఉమ్మడి భుజం ఏదో అప్పుడు స్పష్టంగా కనిపిస్తుంది. ఒక్క విషయంలో మాత్రం జాగ్రత్త. కంటికి సమానంగా కనిపించినంత మాత్రాన సమానం అయిపోదు. బొమ్మలో 90° లాగా ఉన్న కోణం, దత్తాంశంలో లంబమని చెప్పకుండా, మీరు నిరూపించకుండా లంబకోణం అయిపోదు.

మూడు భుజాలూ దొరికితే

ఇక వేరే ఆలోచన అక్కర్లేదు, భు.భు.భు. వాడండి. కోణాల స్థానం చూసుకోవాల్సిన పని లేని నియమం ఇదొక్కటే, అందుకే అన్నిటికన్నా భద్రమైనది. మూడు పొడవులు ఖాయమైతే త్రిభుజం ఆకారం కదలదు. నాలుగు కర్రలతో చట్రం చేసి మూలల్లో ఒక్కో మేకు కొడితే అది పక్కకు వాలిపోతుంది. ఒక ఏటవాలు కర్ర అడ్డంగా బిగించగానే గట్టిపడుతుంది. గేట్లలో, ఇనుప షెడ్ల పైకప్పుల్లో త్రిభుజాలు కనిపించడానికి కారణం ఇదే.

రెండు భుజాలు దొరికితే

ఎక్కువ ఆలోచించాల్సింది ఇక్కడే. రెండు జతల భుజాలు, ఒక జత కోణాలు చేతిలో ఉన్నాయి. ఆ కోణం ఆ రెండు భుజాల మధ్యే ఉందా? ఉంటే భు.కో.భు., పని అయిపోయింది. కోణం వాటి మధ్యలో లేకపోతే పెన్ను పక్కన పెట్టి ఆగండి.

ఎందుకు ఆగాలో నోట్‌బుక్‌లో గీసి చూడండి, పది నిమిషాల పని. పేజీ అడ్డంగా తిప్పి ఒక పొడవైన గీత గీయండి. దాని ఎడమ కొసకు ఏ అని పేరు పెట్టండి. ఏ దగ్గర 30° కోణం చేస్తూ ఇంకో గీత గీసి, దాని మీద సరిగ్గా 10 సెం.మీ. దూరంలో బీ గుర్తించండి. ఇప్పుడు కంపాస్‌ను 6 సెం.మీ. తెరిచి, ముల్లు బీ మీద పెట్టి, కింది గీతను ఖండించేలా చాపం వేయండి. చాపం ఆ గీతను రెండు చోట్ల ఖండిస్తుంది. ఒక బిందువు ఏ నుంచి సుమారు 5.3 సెం.మీ. దూరంలో ఉంటుంది, ఇంకొకటి సుమారు 12 సెం.మీ. దూరంలో. రెండింటినీ బీతో కలపండి.

మీ ముందు రెండు త్రిభుజాలున్నాయి. రెండింటిలోనూ 30° కోణం ఉంది, 10 సెం.మీ. భుజం ఉంది, 6 సెం.మీ. భుజం ఉంది. మూడు భాగాలూ సమానమే అయినా ఒకటి సన్నగా చిన్నగా ఉంది, ఇంకొకటి దాన్ని మింగేసేంత పెద్దగా ఉంది. చిన్నదానిలో కింది గీత మీద కొత్తగా వచ్చిన కోణం సుమారు 123.6°, పెద్దదానిలో సుమారు 56.4°. ఈ రెండూ కలిపితే 180° అవుతాయి. అలా కావడం యాదృచ్ఛికం కాదు. బీనీ ఆ రెండు ఖండన బిందువులనూ కలిపితే 6 సెం.మీ. భుజాలతో సమద్విబాహు త్రిభుజం వస్తుంది. దాని భూకోణాలు, అంటే అడుగున ఉన్న రెండు కోణాలు, సమానం. వాటిలో ఒకటి పెద్ద త్రిభుజంలోని కోణమే, రెండోది చిన్న త్రిభుజంలోని కోణానికి పక్క కోణం. భు.భు.కో. అనే నియమం లేకపోవడానికి కారణం ఈ బొమ్మే. ఒక్కసారి చేత్తో గీసిన పిల్లలకు మళ్లీ ఎవరూ గుర్తు చేయాల్సిన పని ఉండదు. అందుకే టీచర్లు ఈ నియమం లేదని చెప్పి వదిలేయకుండా క్లాసులో దీన్ని గీయిస్తే బాగుంటుందని నా కోరిక.

అదే బొమ్మలో కంపాస్ కొలత మార్చి చూస్తే ఇంకో సంగతి తెలుస్తుంది. 5 సెం.మీ. పెడితే చాపం గీతను ఒక్కచోటే తాకుతుంది, అక్కడ లంబకోణం వస్తుంది. 5 కన్నా తక్కువ పెడితే చాపం గీత దాకా రాదు, త్రిభుజమే లేదు. 10 సెం.మీ. దాటితే రెండో ఖండన బిందువు ఏ అవతలికి వెళ్లిపోతుంది, అక్కడ కోణం 30° కాదు, 150° అవుతుంది. అంటే పనికొచ్చే త్రిభుజం ఒక్కటే మిగులుతుంది. ఇచ్చిన కోణానికి ఎదురుగా ఉన్న భుజం రెండో భుజం కన్నా పొడవైనదైతే సందేహానికి తావు లేదన్నమాట.

ఇది అర్థమైతే లం.క.భు. కూడా అర్థమైపోతుంది. అందులోనూ కోణం రెండు భుజాల మధ్య లేదు, అయినా నియమం చెల్లుతుంది. లంబకోణానికి ఎదురుగా ఉండేది కర్ణం, లంబకోణ త్రిభుజంలో కర్ణమే ఎప్పుడూ అతి పొడవైన భుజం. పైన చెప్పిన షరతు దానంతట అదే తీరిపోతుంది. లం.క.భు. అంటే భు.భు.కో.లో ప్రమాదం లేని ఒక సందర్భమే.

లంబకోణం కనిపించగానే లం.క.భు. అని రాసేయడం కూడా తప్పే. లంబకోణానికి రెండు పక్కలా ఉన్న భుజాలు సమానమైతే అది భు.కో.భు., అక్కడ కర్ణం ప్రస్తావనే రాదు. లం.క.భు. కావాలంటే లంబకోణం, కర్ణం, ఇంకో భుజం మూడూ పేరు పెట్టి చూపించాలి. లంబకోణాన్ని ఒక అడుగులో విడిగా రాయకుండా వదిలేస్తే దిద్దేవాళ్లు ఊరుకోరు.

ఒక్క భుజమే దొరికితే

రెండు కోణాలు కావాలి. భుజం ఆ రెండు కోణాల మధ్య ఉంటే కో.భు.కో., లేకపోతే కో.కో.భు. త్రిభుజంలో కోణాల మొత్తం 180° కాబట్టి రెండు కోణాలు సమానమైతే మూడోదీ సమానమే, అందువల్ల కో.కో.భు.ను ఒక్క అడుగులో కో.భు.కో.గా మార్చుకోవచ్చు. ఈ రెండింటిలో ఏది వాడాలా అని బుర్ర బద్దలు కొట్టుకోనక్కర్లేదు. మీ స్కూల్లో కో.కో.భు.ను విడి నియమంగా ఒప్పుకోకపోతే మూడో కోణం లైను ఒకటి అదనంగా రాయండి.

కాకపోతే ఇక్కడా ఒక మెలిక ఉంది. ఒక త్రిభుజంలో 40°, 60° కోణాలు, 40°కి ఎదురుగా 5 సెం.మీ. భుజం ఉన్నాయనుకోండి. ఇంకో త్రిభుజంలో అవే కోణాలు, కానీ 60°కి ఎదురుగా 5 సెం.మీ. ఉంది. రెండు కోణాలు, ఒక భుజం సమానమే, అయినా ఇవి సర్వసమానం కావు. సమాన భుజాలు సమాన కోణాలకే ఎదురుగా ఉండాలి.

ఒక్క భుజం, రెండు కోణాలు చాలన్న విషయం మన దేశ పటానికే పునాది. బ్రిటిష్ సర్వేయర్ విలియం లాంబ్టన్ 1802లో మద్రాసు దగ్గర సెయింట్ థామస్ మౌంట్ ప్రాంతంలో సుమారు 12 కిలోమీటర్ల ఆధార రేఖను ఉక్కు గొలుసుతో కొలిచాడు. ఆ రేఖ రెండు కొసల నుంచీ దూరంగా కనిపించే శిఖరం వైపు కోణాలు చూస్తే త్రిభుజం ఖాయమైపోతుంది, ఆ శిఖరం దాకా నేల మీద గొలుసు లాగే పని ఉండదు. అలా వచ్చిన భుజమే పక్క త్రిభుజానికి ఆధారం. అర టన్ను బరువున్న థియోడొలైట్ అనే కోణాలు కొలిచే పరికరాన్ని గుట్టలెక్కించి కోణాలు చూసేవారు. చాలా దూరం వెళ్లాక లెక్క సరిగ్గా ఉందో లేదో చూసుకోవడానికి మళ్లీ ఒక ఆధార రేఖను నేల మీద కొలిచేవారు. 1811లో మన గుత్తి దగ్గర కొలిచింది అలాంటిదే. పొడవు కొలవడం కష్టం, కోణం చూడడం తేలిక అయిన చోట కో.భు.కో.ను మించింది లేదు.

భుజం ఒక్కటీ లేకపోతే

మూడు కోణాలూ సమానమైనా సర్వసమానమని చెప్పలేం, సరూపమని, అంటే ఆకారం ఒకటేనని మాత్రమే చెప్పగలం. కనీసం ఒక భుజమైనా వెతకండి, లేకపోతే ఈ దారి వదిలేయండి.

కోణాలు మూడూ ఉన్నాయి, భుజాలు కూడా రెండు ఉన్నాయి కదా, ఇంకేం కావాలని ఎవరైనా అంటే వాళ్లకు ఈ జత చూపించండి. ఒక త్రిభుజం భుజాలు 8, 12, 18 సెం.మీ. ఇంకోదాని భుజాలు 12, 18, 27 సెం.మీ. మొదటిదాని ప్రతి భుజాన్నీ ఒకటిన్నర రెట్లు చేస్తే రెండోది వస్తుంది కాబట్టి ఇవి సరూపాలు, మూడు కోణాలూ సమానం. పైగా 12, 18 రెండింటిలోనూ ఉన్నాయి. ఆరు భాగాల్లో ఐదు సమానమైనా ఒకటి చిన్నది, ఒకటి పెద్దది! మొదటిదానిలో 12 మధ్య భుజం, రెండోదానిలో అదే అతి చిన్న భుజం. సమానమైన భాగాలు ఐదున్నా అవి అనురూప స్థానాల్లో, అంటే ఒకదానికొకటి సరిపడే చోట్ల లేవు. భాగాల సంఖ్య కన్నా వాటి స్థానం ముఖ్యమని చెప్పడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు తెలీదు.

మూడు దారులూ తెరిచి ఉన్నప్పుడు

కొన్ని లెక్కల్లో రెండు మూడు నియమాలు పనిచేస్తాయి. ఎంపిక సమస్య నిజంగా వచ్చేది అక్కడే. సమద్విబాహు త్రిభుజం సిద్ధాంతం తీసుకుందాం. ఏబీ = ఏసీ అయితే బీ, సీ కోణాలు సమానమని నిరూపించాలి. ఏ నుంచి బీసీ మీదికి ఏడీ గీత గీస్తే రెండు త్రిభుజాలు వస్తాయి, ఏడీ ఉమ్మడి భుజం. ఆ గీత ఏమిటన్నది మన ఇష్టం.

ఏడీని శీర్షం ఏ దగ్గరి కోణాన్ని సగం చేసే రేఖగా, అంటే కోణ సమద్విఖండన రేఖగా గీస్తే రెండు భుజాలు, వాటి మధ్య కోణం దొరుకుతాయి, భు.కో.భు. డీని బీసీ మధ్యబిందువుగా తీసుకుంటే మూడు భుజాలూ దొరుకుతాయి, భు.భు.భు. ఏడీని బీసీకి లంబంగా గీస్తే లం.క.భు. మూడింటిలోనూ నాలుగైదు లైన్లలో సమాధానం వస్తుంది.

నేనైతే మొదటిదే ఎంచుకుంటాను, కారణం పొడవు కాదు. పాఠ్యపుస్తకాల్లో సాధారణంగా భు.భు.భు., లం.క.భు. నియమాలను నిరూపించేటప్పుడు రెండు త్రిభుజాలను వీపు వీపు ఆనించి ఒక సమద్విబాహు త్రిభుజం తయారుచేస్తారు, దాని భూకోణాలు సమానమనే మాట వాడతారు. ఆ మాటను మనం ఇప్పుడు అవే నియమాలతో నిరూపిస్తే చుట్టూ తిరిగి మొదలుపెట్టిన చోటికే వచ్చినట్టు. భు.కో.భు.కు ఆ చిక్కు లేదు. ప్రాచీన గ్రీకు గణితవేత్త యూక్లిడ్ వరుస కూడా అదే: ఆయన ‘ఎలిమెంట్స్’ మొదటి పుస్తకంలో నాలుగో ప్రతిపాదన భు.కో.భు., ఐదోది సమద్విబాహు త్రిభుజం, ఎనిమిదోది భు.భు.భు., 26వది కో.భు.కో., కో.కో.భు. రెండూ. యూక్లిడ్ నాలుగోదాన్ని ఒక త్రిభుజాన్ని ఎత్తి ఇంకోదాని మీద పెట్టినట్టు ఊహించి నిరూపించాడు. అలా ఎత్తి పెట్టొచ్చని ఏ స్వీకృతం (నిరూపణ లేకుండా ఒప్పుకునే మాట) చెప్పింది అన్న ప్రశ్న తర్వాత శతాబ్దాల పాటు వినిపించింది. 1899లో జర్మన్ గణితవేత్త హిల్బర్ట్ భు.కో.భు. సారాన్ని స్వీకృతంగానే పెట్టేశాడు. మిగతావన్నీ దాని మీద నిలబడ్డాయి కాబట్టి సిద్ధాంతాన్ని మొదటిసారి నిరూపించేటప్పుడు భు.కో.భు. దారే మంచిది. సిద్ధాంతం ఒకసారి చేతికొచ్చాక మామూలు లెక్కల్లో ఏది తేలికైతే అది వాడుకోండి.

ఈ లెక్కలో మూడు దారుల్నీ కలిపేసే పొరపాటు ఒకటుంది. ఏడీ కోణాన్ని సగం చేస్తుంది, బీసీకి లంబంగా ఉంటుంది, మధ్యబిందువు గుండా పోతుంది అని నిర్మాణంలోనే మూడూ రాసేస్తారు. నిజానికి సమద్విబాహు త్రిభుజంలో ఆ మూడూ ఒకే గీత, కానీ అది నిరూపించాక తెలిసే విషయం. గీత గీసేటప్పుడు ఒక్క గుణమే తీసుకోండి, మిగతా రెండూ చివర్లో అనురూప భాగాలుగా వాటంతట అవే వస్తాయి.

ఇంకో జత చూడండి, ఇందులో మనకు ఎంచుకునే స్వేచ్ఛే ఉండదు. ఒక కోణాన్ని సగం చేసే రేఖ మీద పీ అనే బిందువు ఉంది, రెండు భుజాలకూ దాని నుంచి లంబాలు గీశారు, ఆ లంబాలు సమానమని చూపాలి. కోణం సగాలు సమానం, లంబకోణాలు సమానం, శీర్షం నుంచి పీ దాకా ఉన్న గీత ఉమ్మడి. ఒక భుజం, రెండు కోణాలు కాబట్టి కో.కో.భు. ప్రశ్నను తిప్పి, లంబాలు సమానమైతే పీ కోణ సమద్విఖండన రేఖ మీదే ఉంటుందని చూపమంటే? ఇప్పుడు కోణం సగాలు మన చేతిలో లేవు, నిరూపించాల్సింది అవే. లంబకోణం, ఉమ్మడి కర్ణం, సమానమైన లంబాలు ఉన్నాయి కాబట్టి లం.క.భు. బొమ్మ ఒక్కటే, గీతలు అవే, ఇచ్చింది, నిరూపించాల్సింది తారుమారు కాగానే నియమం మారిపోయింది. సమాంతర చతుర్భుజంలో ఎదురు మూలలు కలిపి రెండు త్రిభుజాలు చేసినప్పుడూ ఇంతే. ఎదురు భుజాలు సమాంతరమని ఇస్తే ఏకాంతర కోణాలతో కో.భు.కో., ఎదురు భుజాలు సమానమని ఇస్తే భు.భు.భు. గైడులో ఉన్న బొమ్మ చూసి నియమం బట్టీ పట్టిన పిల్లలు ఇలాంటి చోటే దెబ్బతింటారు, పాపం చదవక కాదు.

నిరూపకాలు ఇచ్చినప్పుడు, సమాధానం రాసేటప్పుడు

బిందువుల నిరూపకాలు ఇస్తే కోణాల జోలికి వెళ్లకండి. దూర సూత్రంతో మూడేసి పొడవులు కట్టి భు.భు.భు. అనేయడమే మేలు. ఏ(0, 0), బీ(4, 0), సీ(1, 3) ఒక త్రిభుజం. పీ(5, 5), క్యూ(2, 2), ఆర్(5, 1) ఇంకొకటి. మొదటిదానిలో ఏబీ = 4, బీసీ = √18, ఏసీ = √10. రెండోదానిలో పీక్యూ = √18, క్యూఆర్ = √10, పీఆర్ = 4. మూడు జతలూ కలిశాయి, సర్వసమానమే.

ఇక రాయడంలో అక్షరాల వరుస ముఖ్యం. 4 పొడవున్న భుజానికి ఎదురు శీర్షం మొదటిదానిలో సీ, రెండోదానిలో క్యూ. √18కి ఎదురుగా ఏ, ఆర్. √10కి ఎదురుగా బీ, పీ. కాబట్టి △ఏబీసీ ≅ △ఆర్‌పీక్యూ అని రాయాలి. అలవాటు కొద్దీ △ఏబీసీ ≅ △పీక్యూఆర్ అని రాస్తే ఏబీ, పీక్యూ సమానమని, అంటే 4, √18 సమానమని చెప్పినట్టవుతుంది.